పలక ఎంత మందం ఉండాలి?



పిల్లలను పెద్ద చదువులకు పంపేటప్పుడు మన వాడల్లో ఒక మాట చెప్పి పంపుతాం. "ఎవడేమన్నా పట్టించుకోకు బిడ్డా. తోలు మందం చేసుకో." ఈ మాట మీరూ ఎవరితోనో అని ఉంటారు, మీతోనూ ఎవరో అని ఉంటారు. ముందు పేరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ర్యాంకు అడిగేవాళ్ల మధ్య మన పిల్లలు బతకాలె. కాబట్టి ఇది ప్రేమతో చెప్పే మాటే. కానీ ధమ్మం తీసుకున్నవాళ్లం ఒకసారి ఆగి అడగాలి. తోలు మందం కావడం మనిషికి మంచి గుణమేనా? తన అవమానం తగలకుండా మొద్దుబారిన మనసుకు పక్కవాడి దుఃఖం తగులుతుందా?

ఈ ప్రశ్నను రోజూ చేతులతో తేల్చుకునేవాళ్లున్నారు. వాళ్లు వాయిద్యాలు చేసేవాళ్లు. వాళ్ల పనిలో మొదటి ప్రశ్నే అది: పలక ఎంత మందం ఉండాలి?

ఉకులేలే అనే వాయిద్యాన్ని తీసుకుందాం. నాలుగు తీగల చిన్న గిటారు లాంటిది. ఇప్పుడు మన పట్నాల్లో కూడా పిల్లలు వాయిస్తున్నారు. దాని పుట్టుక హవాయి దీవుల్లో. 1879 ఆగస్టులో మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలు చెరకు తోటల్లో పనికి ఓడ ఎక్కి హొనలూలు చేరారు. వాళ్లలో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు కొయ్యపని తెలిసినవాళ్లు. తమ దీవిలోని చిన్న వాయిద్యాన్ని వాళ్లు అక్కడ దొరికే కోవా కర్రతో చేయడం మొదలుపెట్టారు. అదే ఉకులేలే అయింది. అంటే అది వలస కూలీల చేతుల్లో పుట్టిన వాయిద్యం. పాలమూరు వలసను ఎరిగిన మనకు ఆ చేతులు కొత్తవి కావు.

ఇక పనిలోకి వద్దాం. తీగ ఒక్కటే మోగితే పక్క గదికి కూడా వినపడదు. తీగ కంపనం బ్రిడ్జి గుండా కింది పలకకు చేరాలి, పలక కంపించి గాలిని కదపాలి, అప్పుడే పాట. కానీ అదే పలక తీగల బరువునూ మోయాలి. నాలుగు నైలాన్ తీగలు కలిసి సుమారు 15 నుంచి 20 కిలోల బలంతో రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి. పలక మందంగా ఉంచితే భయం లేదు, వంగదు, విరగదు. కానీ పలకదు. మరీ పలుచన చేస్తే కొన్నాళ్లు గొప్పగా మోగుతుంది, తర్వాత బ్రిడ్జికి ముందు కుంగి, వెనక ఉబ్బుతుంది.

అందుకే చేసేవాళ్లు చిత్రిక పడుతూ పడుతూ పలకను సుమారు రెండు మిల్లీమీటర్లకు తెస్తారు. చిన్న ఉకులేలేకు ఇంకా తగ్గిస్తారు. అయితే ఆ అంకె మొదలు మాత్రమే. ఒకే చెట్టు నుంచి కోసిన రెండు పలకలు కూడా ఒక్కతీరుగా ఉండవు. కాబట్టి పలకను వేళ్లతో వంచి చూస్తారు, కణుపుతో కొట్టి వింటారు. కొలబద్ద చెప్పింది గదా అని ఊరుకోరు. బుద్ధుడు తన ధమ్మం గురించి కూడా ఇదే అన్నాడు. ఎహిపస్సికో, వచ్చి చూసుకోండి అని.

ఇక్కడ ఒక లెక్క ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. పలక మందం సగం చేస్తే దాని బరువు సగమవుతుంది. కానీ వంగకుండా నిలిచే గట్టిదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మరి అంత పలుచని పలక నిలిచేదెట్లా? లోపల, కంటికి కనపడని చోట, సన్నని ఆసరా బద్దలు అతికిస్తారు. బద్దను నిలువుగా నిలబెడతారు. బద్ద ఎత్తు రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే, గట్టిదనం మాత్రం ఎనిమిది రెట్లు. పాత ఇండ్ల తలుపు వెనక బద్దలు చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పలుచని పలకకు బలం ఇట్లా వస్తుంది. పలక పలుచగానే ఉంటుంది, మోగుతూనే ఉంటుంది.

ఈ తెలివి మనకు బయటి నుంచి రావలసింది కాదు. మన తాతలు తోలు పని చేసినవాళ్లు. ఏ తోలు ఎంత మందం ఉండాలో వాళ్ల వేళ్లకు తెలుసు. మోట బొక్కెనకు, చెప్పు అడుగుకు మందపు తోలు. డప్పుకు మేకతోలు. దాని వెంట్రుక తీసి, గీకి పలుచన చేసి, చెక్క కట్టు మీద బిగించి, మంటకు కాచేవాళ్లు. పలుచని తోలుకు చుట్టూ ఉన్న కట్టే బలం. కిన్నెర చూడండి. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా లింగాల మండలం నుంచి వచ్చి, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరకు వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు. బుర్ర గోడ పలుచన, దాని గుండ్రపు వంపే దానికి బలం. మోగాల్సినదాన్ని మన పెద్దలు ఎక్కడా మందం చేయలేదు. 'తోలు మందం' అనే మాట బొక్కెనకు పనికొస్తుంది, డప్పుకు పనికిరాదు.

మనిషి బొక్కెనా, డప్పా? పాలి భాషలో దయకు ఒక పేరు 'అనుకంప'. అను అంటే వెంబడి, కంప అంటే కంపించడం. ఎదుటివాడు వణికితే వాడితోపాటు వణకడం. కరుణ అన్న మాటను కూడా బుద్ధఘోషుడు 'విశుద్ధిమగ్గ'లో అట్లాగే విడమరిచాడు. ఇతరుల దుఃఖానికి మంచివాళ్ల గుండె కంపించడమే కరుణ అని. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ధమ్మం' గ్రంథంలో ప్రజ్ఞ పక్కన కరుణను నిలబెట్టాడు. కంపించని పలకకు పాట లేనట్టే, కంపించని మనసుకు ధమ్మం లేదు.

"మరి ఉపేక్ష సంగతేంది? అది కూడా బుద్ధుడు చెప్పిందే గదా?" అని మీరు అడగవచ్చు. మన తెలుగులో ఉపేక్షించడమంటే వదిలేయడం. ధమ్మంలో ఉపేక్ఖ అంటే అది కాదు. తాకినదంతా తెలుస్తూనే కుంగిపోకుండా నిలవడం. తెలియక పట్టనట్టు ఉండటం దానికి దగ్గరి శత్రువని బుద్ధఘోషుడే హెచ్చరించాడు. చూడ్డానికి రెండూ ఒక్కతీరుగనే ఉంటాయి. మోగుతూ నిలిచిన పలకకూ, మోగని దుంగకూ ఉన్నంత తేడా వాటి మధ్య ఉంది.

ఇంకో ప్రశ్న దీనికంటే బరువైనది. పలుచని మనసు విరిగితే? మనం విరిగిన బతుకులు చూసినవాళ్లం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అట్లాంటి ప్రతి చావు తర్వాత "కొంచెం గట్టిగా ఉండాల్సింది" అనేవాళ్లు ఉంటారు. పని తెలిసినవాడు విరిగిన పలకను తిట్టడు. తీగను అంతగా బిగించింది ఎవరని అడుగుతాడు. బద్దలు ఎన్ని ఉన్నా, బిగిస్తూ పోయే చేతిని ఆపకపోతే ఏ పలకా నిలవదు. అందుకే మనకు సంఘమూ కావాలె, పోరాటమూ కావాలె.

సోణుడి కథ మీకు తెలుసు. సుకుమారంగా పెరిగినవాడు, భిక్షువై, పాదాలు పగిలి నెత్తురు కారేదాకా నడిచి సాధన చేశాడు. తీగ మరీ బిగిస్తే వీణ మోగదు, మరీ వదులైనా మోగదు అని బుద్ధుడు అతనికి చెప్పాడు. కథను మనం అక్కడే ఆపేస్తుంటాం. వినయ పిటకంలో దాని తర్వాతి భాగం ఉంది. 'పాదాలు గట్టిపడే దాకా నడువు' అని బుద్ధుడు అనలేదు. ఒక పొర అడుగు ఉన్న చెప్పులు తొడుక్కోమన్నాడు. సోణుడు ఒప్పుకోలేదు. నా ఒక్కడికైతే వద్దు, సంఘానికంతా అనుమతిస్తే తొడుక్కుంటా అన్నాడు. బుద్ధుడు భిక్షువులందరికీ అనుమతించాడు. రెండు, మూడు పొరలవి వద్దు, ఒక్క పొరే అన్నాడు.

తోలు తెలిసిన జాతి బిడ్డలం, ఈ కథను మనం నిదానంగా చదువుకోవాలి. సోణుడి పాదం మెత్తగానే ఉండిపోయింది, దాని కిందికి ఆసరా వచ్చింది. ఆ ఆసరా అవసరమైనంత మందమే, అదీ అందరికీ కలిపి.

మరి మన పిల్లల కింద మనం పెట్టగల బద్దలు ఏవి? పంచశీల ఒకటి. ఎదుటివాడు ఎంత దిగజారినా నేను దిగజారనని నిలబెట్టేది అది. చట్టం తెలియడం ఒకటి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని, కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని తెలిసిన పిల్ల, అవమానాన్ని తన రాత అనుకోదు. మూడోది మనుషులు. పిల్ల వెళ్లే ఊళ్లో మనవాళ్లు ఎవరున్నారో చూసి, వాళ్ల నంబరు చేతికిచ్చి, వారం వారం మాట్లాడటం. ఆదివారం వందన తర్వాత విహారంలో పది నిమిషాలు ఈ పనికే పెట్టండి.

ఒక్క జాగ్రత్త. బద్దలు మరీ ఎక్కువైతే పలక మళ్లీ దుంగే. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మొదటి రోజే పది తప్పులెన్ని సరిదిద్దే సంఘం, ఆసరా పేరుతో గొంతు నొక్కినట్టే. అవసరమైన చోట, అవసరమైనంతే.

ఈ జూన్‌లో మీ ఇంటి నుంచి ఎవరైనా హాస్టలుకు బయలుదేరితే, తోలు మందం చేసుకొమ్మని చెప్పకండి. "నొప్పి పుడితే చెప్పు బిడ్డా, మేమున్నం" అనండి. అని ఊరుకోకండి, వాళ్లు చెప్పిన రోజు బస్సెక్కి పోండి.

నమో బుద్ధాయ.