అంత్యస్మృతి – భగవంతుని పూచీ

మరణము అందరికిని నిశ్చితము. దాని కాలము మాత్రము అనిశ్చితము. ఈ అనిశ్చితత్వమే మానవుని ఏమరుపాటునకు కారణమగుచున్నది. అయితే నయము కాని వ్యాధి సోకి, ఇంక కొన్ని మాసములే గడువని వైద్యులు తెలిపిన వానికి ఆ కాలమును ఇంచుమించుగా తెలిసిపోవును. అప్పుడు వాని హృదయమున రెండు ప్రశ్నలు పుట్టును. మిగిలిన ఈ కొద్దిదినముల వలన ప్రయోజనమేమి? కడపటి ఘడియలో తెలివి తప్పినచో గతియేమి? మొదటిదానికి శ్రీమద్భాగవతమును, రెండవదానికి శ్రీవరాహస్వామి అభయవచనమును సమాధానములై యున్నవి.

శమీకమహర్షి కుమారుని శాపముచే ఏడవనాడు తక్షకుని విషమునకు గురికావలెనని పరీక్షిన్మహారాజునకు తెలిసెను. ఆయన శాపమిచ్చిన బాలుని నిందింపలేదు; శాపమును మరలింపుడని ఎవ్వరిని వేడలేదు. రాజ్యభారమును కుమారునిపై నుంచి గంగాతీరమును చేరెను. అచ్చటికి విచ్చేసిన శుకయోగీంద్రుని, మరణమాసన్నమైన వాడు చేయదగినదేమి, వినదగినదేమి, స్మరింపదగినదేమి అని ప్రశ్నించెను. ఆ ప్రశ్న లోకమునకంతటికిని హితమని శుకుడు మెచ్చుకొనెను. గృహస్థుల ముంగిట ఆవును పిదుకునంతసేపునకు మించి నిలువని ఆ మహాత్ముడు, మృత్యుముఖమున నున్న ఒక్కని కొరకు ఏడు దినములు కూర్చుండెను. అవసానమున నున్నవాని సన్నిధిలో గడపిన కాలము ఎంత పవిత్రమో దీనివలన గ్రహింపవచ్చును.

పరీక్షిత్తునకు ధైర్యము కలిగించుటకై శుకుడు ఖట్వాంగరాజర్షిని ఉదాహరించెను. దేవతలకు యుద్ధమున తోడ్పడిన ఆ రాజు తన ఆయుశ్శేషమెంతయని వారినడుగగా, అది ముహూర్తకాలమేయని తేలెను. ముహూర్తమనగా 2 ఘడియలు, అనగా 48 నిమిషములు. ఆ స్వల్పకాలముననే ఆయన సర్వమును విడిచి శ్రీహరిని శరణుపొంది కృతార్థుడయ్యెను. 48 నిమిషములు ఆయనకు చాలినవి. 7 దినములు పరీక్షిత్తునకు చాలినవి. ఇక కొన్ని మాసముల గడువున్నవాడు తనకు కాలము లేదని కుందనేల? జీవితమునకు సార్థకత దాని నిడివి వలన కలుగదు. అది ఎవరికి సమర్పితమైనదో దానివలన కలుగును.

పరీక్షిత్తు ఆ ఏడు దినములు చేసినది శ్రవణము. శ్రవణమునకు దేహబలము అక్కరలేదు. లేచి ఆరాధన చేయలేనివాడును పడకమీదనుండి భగవత్కథ వినగలడు. ఋణములు తీర్చుట, అపరాధమును మన్నించుట, మన్నింపుమని అడుగుట, మనుమలను ఆశీర్వదించుట – ఇవన్నియు పడకమీదనుండియే చేయదగిన కైంకర్యములు. రాజు నిరాహారుడై కూర్చుండెనని రోగి ఆహారమును, చికిత్సను మానవలసిన పనిలేదు. దేహము భగవంతుని సొత్తు. దానిని కాపాడుటయు ఆయన సేవయే.

ఇక రెండవ ప్రశ్న. అంత్యకాలమున దేనిని స్మరించునో జీవుడు దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము తెలుపుచున్నది. లేడిపిల్లను తలచుచు దేహము విడిచిన భరతుడు లేడియై పుట్టెనని భాగవతము చెప్పుచున్నది. ఇవి విని అనేక కుటుంబములవారు భయపడుదురు. నొప్పిని తగ్గించు మందు మగతను కలిగించునేమో, మగతలో నామస్మరణ తప్పునేమోయని రోగిని బాధపడనిత్తురు. మరికొందరు, తండ్రి గోవిందనామము పలుకకయే కన్నుమూసెనని ఏండ్లతరబడి పరితపింతురు. శాస్త్రమును సగమే వినుటవలన కలిగిన దుఃఖమిది.

ఆ గీతయే తరువాతి శ్లోకమున, కావున సర్వకాలములందును నన్ను స్మరింపుమని ఉపదేశించినది. భరతుడును లేడిజన్మమున పూర్వస్మృతిని కోల్పోలేదు. ఆయన చేసిన ఆరాధనము వ్యర్థము కాలేదు. అన్నిటికిని మించి శ్రీవరాహస్వామి భూదేవికి చేసిన ప్రతిజ్ఞ కలదు. మనస్సు నిలకడగా, దేహము స్వస్థముగా ఉన్నప్పుడు నన్ను తలచినవాడు, కడపట కొయ్యవలె, రాతివలె పడియున్నప్పుడు నేనే వానిని తలచుదును, పరమగతికి చేర్తునని దాని భావము. దీనినే వరాహచరమశ్లోకమని పెద్దలు పేర్కొందురు. శ్రీమద్వేదాంతదేశికులు దీని అర్థమును వివరించుటకే రహస్యశిఖామణియను గ్రంథమును రచించిరి. కాంచీవరదరాజస్వామి తిరుక్కచ్చినంబి ద్వారా శ్రీరామానుజులకు తెలియజేసిన ఆరు వార్తలలో, శరణాగతునకు అంత్యస్మృతి నిర్బంధము లేదనునది ఒకటి.

ఇందలి అంతరార్థము గమనింపదగినది. స్మరించు భారము అప్పుడు జీవునిది కాదు, భగవంతునిది. పసిబిడ్డ నిద్రలో తల్లిని తలచునా? తల్లియే మేల్కొని బిడ్డను తలచును. కావున వైద్యులు తగినదని చెప్పిన మందుతో నొప్పి తగ్గించుట దోషము కాదు. రోగికి వినిపించునట్లు మెల్లగా నామము చెప్పుట మేలు. పలుకుమని నిర్బంధించుట తగదు.

అట్లని ఉపేక్ష కూడదు. అప్పటికి చేతకాదని తెలిసి ఇప్పుడే విన్నవించుకొనుచున్నానని పెరియాళ్వారులు శ్రీరంగనాథునకు మొరపెట్టుకొనిరి. బుద్ధి నిలకడగానున్న ఈ దినమే విన్నపమునకు తగిన దినము. వ్యాధి తెలిసిన దినము మరణదినము కాదు. ఇంతవరకు తలపనివాడును నేడు ఒక్కసారి మనసార శరణనినచో ఆ దయామయుడు విని తన యొద్ద భద్రపరచుకొనును.

తిరుమలకు వచ్చు యాత్రికులు స్వామిపుష్కరిణీతీరమున వెలసిన శ్రీవరాహస్వామిని మొదట సేవించి, పిదప శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయము. ఆ సన్నిధిలో నిలిచినప్పుడు స్వామి పూచీని గుర్తునకు తెచ్చుకొనవలెను. ఇంటిలో మంచముపట్టిన వారికి ప్రసాదముతోబాటు ఆ మాటను కూడ తీసికొనిపోవలెను. వేదనపడు వారికందరికిని ఆ భూవరాహుడు అభయము ప్రసాదించుగాక!