మన చెత్తకుప్ప, పొరుగువాని ఊపిరి



దేవుడు నేలమట్టితో మానవుని మలచి, అతని నాసికలో ప్రాణవాయువు ఊదాడని ఆదికాండము రెండవ అధ్యాయం తెలుపుతోంది. కనుక మనం పీల్చే ప్రతి శ్వాసా దైవవరమే. పొలానికి గట్టు వేసుకోవచ్చు, నీటిని కుండలో దాచుకోవచ్చు; గాలికి మాత్రం గోడ కట్టలేము. మేడలో ఉన్నవారూ, వీధి ఊడ్చే తల్లీ పీల్చేది ఒకే ఊరి గాలి. కాని ఆమె దుమ్ములో నిలబడి పీలుస్తుంది.

ఈ వరాన్ని కాపాడే భారం నగరపాలక సంస్థలపై ఉంది. పది మైక్రాన్లకు మించని ధూళికణాలు ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో మన దేశం ప్రమాణం ఏర్పరచుకుంది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు నగరాలు చేరాయి. పది లక్షలకు మించిన జనాభా గల నగరాలకు గాలి శుభ్రత కోసం పదిహేనవ ఆర్థిక సంఘం నిధులు సిఫారసు చేసింది. యంత్రాలతో రోడ్లు ఊడ్పించడం, రోడ్డు అంచుల్లో మట్టి లేవకుండా చూడడం, కట్టడాల వద్ద ఇసుకపై పట్టాలు కప్పించడం, తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించడం ఇందులోని పనులు.

అయితే ఉదయం యంత్రం దుమ్మును ఎత్తితే, సాయంత్రం మనం చెత్తకు నిప్పుపెట్టి గాలిని మళ్ళీ పాడుచేస్తే ఫలమేమిటి? చెత్తను కాల్చరాదని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలే నిషేధించాయి. కాని ప్రతి పెరటిలో కాపలా కాయగల పురపాలక సంఘం ఎక్కడా లేదు. అక్కడ కాపలా కాయవలసింది మన అంతరాత్మే. తమ్ముని విషయం తనకెందుకన్నట్లు కయీను దేవునికి బదులిచ్చాడు. మన పొగకు పక్కింటి ఉబ్బసం బిడ్డ రాత్రంతా దగ్గుతుంటే, అదే బదులు మనమూ చెబుతామా?

ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ భూమిని మన ఉమ్మడి గృహమన్నారు. ఆ గృహధర్మం మన దేవాలయ ఆవరణలోనే మొదలుకావాలి. తిరునాళ్ల మరునాడు విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు కుప్పపోసి తగలబెట్టే అలవాటు మానుదాం. చెత్త వేరుచేసి బండికి అందిద్దాం. వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో అధికారులను మర్యాదగా అడుగుదాం. అడగడం కూడా సోదరప్రేమే.

మనకు ఊపిరి పోసిన తండ్రి, పొరుగువాని ఊపిరికి మనలను కావలివారిగా నిలుపునుగాక! ఆమెన్.