ఐ-20లో కుడివైపు లెక్క

హైదరాబాద్‌లోని సంతోష్‌నగర్, సైదాబాద్, చంపాపేట ఇళ్ళలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలుంటే మాట ఎక్కడ మొదలైనా చివరికి అమెరికా దగ్గరికే వస్తుంది. ఫాల్ సెమిస్టర్‌కా, స్ప్రింగ్‌కా? పొద్దున నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళే కాలేజీ బస్సుల్లో అదే చర్చ, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల్లో అదే చర్చ. మా వైపు చాలా ఇళ్ళలో కాలేజీ కంటే ముందు ఊరు ఖాయమవుతుంది. షికాగో అంటే మరీను. డెవాన్ అవెన్యూలో తెలుగు వినిపిస్తుంది, పాతబస్తీ ఉర్దూ వినిపిస్తుంది. మనవాళ్ళు ఉన్నారన్న ధైర్యం అది.

మా అన్న కొడుకు కూడా అలాగే ఫోన్ చేశాడు. "బాబాయ్, షికాగోలో అడ్మిట్ తొందరగా వచ్చే కాలేజీ ఏది?" ఏ సబ్జెక్టు చదవాలనుకుంటున్నావురా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. వాడిది తప్పని నేననను. వాణ్ణి ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

మన తెలుగువాళ్ళ పత్రికల్లో విలువల గురించి రాసినప్పుడల్లా బతుకమ్మ గురించి, పిల్లలకు తెలుగు నేర్పడం గురించి రాసుకుంటాం. అవి కావాలి. కానీ పిల్లవాడి నిజాయితీకి మొదటి పరీక్ష విమానం ఎక్కకముందే, కాలేజీ ఎంచుకునే రోజునే జరిగిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ పరీక్షలో వాడొక్కడే కూర్చోడు, ఇల్లంతా కూర్చుంటుంది.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద, చదువు చెప్పకుండా వీసా కాగితాలు అమ్ముతోందని, ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. అందులో చేరిన సుమారు 1500 మందిలో అత్యధికులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. వాళ్ళలో సగానికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో కాపురముంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది! కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. ఆ బొమ్మలు టీవీల్లో చూసి ఇక్కడి తల్లులు ఎంత ఏడ్చారో నాకు తెలుసు. అయినా ఎనిమిదేళ్ళు తిరిగేసరికి మళ్ళీ అదే కథ. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. దాన్ని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. వెబ్‌సైట్ ఉంది, సీలు ఉంది, గుర్తింపు పొందిన కాలేజీల జాబితాలో పేరు కూడా ఉంది. లేనివి పాఠాలూ, చెప్పేవాళ్ళూ. పిల్లల మీద ప్రభుత్వం అలా వల పన్నడం అన్యాయమనే అంటాను. అంతకంటే ఎక్కువగా నన్ను బాధించేది మరొకటి ఉంది. విద్యార్థులను అందులో చేర్పించారన్న కేసులో నిందితులైన ఎనిమిది మందీ తెలుగువాళ్ళే.

అందుకే జాబితాలో పేరుందా అని చూసి ఊరుకుంటే చాలదు. మా అన్న కొడుకూ నేనూ వీడియో కాల్‌లో ఒక కాలేజీ టైమ్‌టేబుల్ తెరిచి చూశాం. సెమిస్టర్ మొత్తానికి ఒక్క శని, ఆదివారాలు హాజరైతే చాలట. మిగతా రోజులన్నీ మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చట. డే వన్ సీపీటీ, అంటే చేరిన రోజు నుంచే చదువుతో పాటు పని చేసే అనుమతి అని పిల్లలు గొప్పగా చెప్పుకునేది ఇదే. ఏడాది పాటు అలా ఫుల్‌టైమ్ సీపీటీ చేస్తే, ఆ చదువు మీద తర్వాత రావలసిన ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, రాదు. ఈ మాట కన్సల్టెన్సీ వాళ్ళు వాడికి చెప్పలేదు.

ఇక ఐ-20 సంగతి. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఆ కాగితం మొదటి పేజీలో రెండు లెక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఎడమవైపు ట్యూషన్, బతకడానికి అయ్యే ఖర్చు. కుడివైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో వివరం. కింద విద్యార్థి సంతకం. పూర్తిస్థాయి చదువు కోసమే, కేవలం అందుకోసమే వస్తున్నానని ఆ సంతకానికి అర్థం. కుడివైపు అంకెను నింపడానికి మన పేటల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఎవరివో డబ్బులు కొన్ని వారాలు ఖాతాలో ఉంచి, కమిషన్ తీసుకుని మళ్ళీ తీసేస్తారు. మా అన్నకూ ఆ సలహా ఇచ్చారు. "అందరూ చేస్తున్నదేగా" అన్నాడు పాపం. కుడివైపు అబద్ధమైతే అక్కడికి వెళ్ళాక ఆ లోటు పూడ్చవలసింది కుర్రవాడే. పూడ్చే దారి రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్‌లో దొంగచాటు పని. క్లాసులో నిద్ర, ఫోన్ మోగితే భయం.

పెద్ద ఊళ్ళో ఈ లెక్క మరీ కఠినం. క్యాంపస్‌లో పని దొరికినా సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చెయ్యాలి. 2025 నుంచి ఇల్లినాయ్ కనీస వేతనం గంటకు 15 డాలర్లు. అంటే వారానికి 300. షికాగోలో గది అద్దెలో వాటాకూ తిండికీ అది సరిపెట్టుకోవచ్చు గానీ, ఫీజు దానిలోంచి రాదు. యూఐసీ, ఇల్లినాయ్ టెక్, డీపాల్, లయోలా లాంటి మంచి చదువులున్న ఊరే అది. గుమ్మం ముందే రైలు దొరుకుతుంది, ఇంటర్న్‌షిప్‌లకు కంపెనీలు దగ్గర. స్తోమత ఉంటే నిస్సందేహంగా వెళ్ళమంటాను. లేకపోతే అదే రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్, కార్బన్‌డేల్ లాంటి చిన్న ఊళ్ళలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలున్నాయి, అద్దెలు చాలా తక్కువ. అక్కడ డెవాన్ అవెన్యూ ఉండదు, అంతే.

మా వాడు ఫాల్ వదులుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. మా అన్న హౌసింగ్ బోర్డు ఇల్లు కుదువ పెట్టవలసిన అవసరం ప్రస్తుతానికి తప్పింది. వచ్చే ఏడాదికి ఏ ప్రొఫెసర్ ఏం చెబుతున్నారో చదువుకుంటూ సొంతంగా జాబితా రాసుకుంటున్నాడు.

షికాగోలో, డాలస్‌లో స్థిరపడిన మనవాళ్ళను ఒకటే కోరుతున్నాను. సంతోష్‌నగర్ నుంచి ఎవరైనా పిల్లలు ఫోన్ చేస్తే "వచ్చెయ్, చూసుకుందాం" అనకండి. మీరు కట్టిన అద్దె ఎంతో, మొదటి ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టిందో, అప్పు ఎప్పుడు తీరిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఫోన్‌లో వాళ్ళ నాన్నను కూడా కూర్చోబెట్టండి.