కుసుమ రేకులు: పెద్దల మాటకు ప్రమాణం

కుసుమ పూరేకుల ఔషధ గుణాల గురించి ఆయుర్వేదం ఒకటి చెబుతుంది, చైనా వైద్యం మరొకటి చెబుతుంది. రెండూ వేల ఏళ్ల అనుభవం గల సంప్రదాయాలే. ఒకే పువ్వు విషయంలో ఇద్దరు పెద్దల మాటకు పొంతన కుదరనప్పుడు ఎవరి మాట నమ్మాలి? అసలు పెద్దల మాట ప్రమాణం కావాలంటే అందులో ఏం ఉండాలి? న్యాయదర్శనం వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికి ఆయుర్వేదాన్నే దృష్టాంతంగా తీసుకుంది. కాబట్టి ఒక మూలిక మీద పుట్టిన సందేహం మూలిక దగ్గరే ఆగదు.

కుసుమ మెట్ట పంట. తెలంగాణలో తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి చేలలో, రాయలసీమలో కర్నూలు వైపు రబీలో వేస్తారు. ఆకుల అంచున, పూమొగ్గ చుట్టూ ముళ్లుంటాయి. అందుకే జొన్న, శనగ చేల చుట్టూ కొన్ని సాళ్లు కుసుమ వేసి, పశువులు రాకుండా కంచెగా వాడుకునే అలవాటు దక్కన్ రైతులకు ఉంది. నీరు నిలిచే నేలలో ఈ మొక్క బతకదు. కొల్లేటి సరస్సుకు దగ్గరగా ఉన్న పెదపాడు, ఏలూరు ప్రాంతమంతా వరిచేలు, చేపల చెరువులు. ఇక్కడికి కుసుమ ఎండు రేకులుగానో నూనె సీసాగానో చేరుతుంది తప్ప చేలో కనబడదు. చేలో మొక్కను చూసినవాడికీ పొట్లంలో రేకును మాత్రమే చూసినవాడికీ తెలిసేది ఒకటి కాదు. ఈ తేడా తర్వాతి చర్చకు అవసరం.

పువ్వు పసుపుపచ్చగా విచ్చుకుని, వాడేకొద్దీ నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతుంది. రేకులో నీటికి కరిగే పసుపు రంగు ఎక్కువ, కార్తమిన్ అనే ఎరుపు బహు కొద్ది. అద్దకంవాళ్లు ముందు పసుపును నీళ్లతో కడిగేసి, తర్వాత క్షారంతో ఎరుపును రాబట్టి, పులుపు కలిపి బట్టకు పట్టించేవారు. కుసుమకు సంస్కృతంలో పేరు కుసుంభం. అమరకోశం కుసుంభానికి వహ్నిశిఖ, మహారజన అనే పేర్లు కూడా ఇచ్చింది. బృహదారణ్యకోపనిషత్తు రెండో అధ్యాయంలో పురుషుడి రూపాన్ని మహారజనంతో అద్దిన వస్త్రంతో పోల్చారు. అక్కడ శంకరాచార్యులు మహారజనమంటే పసుపు అని వ్యాఖ్యానించారు. గ్రంథంలో పేరున్నా అది ఏ వస్తువుదో తేల్చడం తేలిక కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఉపనిషత్తు వ్యాఖ్యానంలో ఈ సందేహం వల్ల ప్రాణాపాయం లేదు. వైద్యంలో ఉంది.

16వ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో కుసుంభం వాతాన్ని పెంచుతుందనీ, మూత్రం కష్టంగా వచ్చే మూత్రకృచ్ఛ్రాన్నీ రక్తపిత్తాన్నీ కఫాన్నీ తగ్గిస్తుందనీ చెప్పాడు. రక్తపిత్తమంటే ముక్కు, నోరు వంటి ద్వారాల నుంచి నెత్తురు పోయే రోగం. చైనా వైద్యం ఇదే పువ్వును నెత్తుటిని కదిలించే మందుల్లో చేర్చింది. క్రీ.శ. 3వ శతాబ్దపు తొలినాళ్ల నాటి జాంగ్ జోంగ్‌జింగ్ గ్రంథంలోనే, స్త్రీల కడుపునొప్పికి ఈ రేకులను మద్యంలో కాచి ఇచ్చే యోగం ఉంది. ముట్టు ఆగిపోయినప్పుడూ, దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టినప్పుడూ అక్కడ ఇది వాడుకలో ఉంది. నేటి చైనా ఔషధకోశం రోజుకు 3 నుంచి 10 గ్రాముల మోతాదు చెబుతూ గర్భిణుల విషయంలో జాగ్రత్త అవసరమని హెచ్చరిస్తుంది. యునానీ హకీములు గింజకే ఎక్కువ విలువిచ్చి, విరేచనానికీ కఫం వెడలగొట్టడానికీ వాడారు.

ఒకరు నెత్తురు పోవడాన్ని ఆపేదన్నారు, మరొకరు నెత్తుటిని కదిలించేదన్నారు. దేశం, కాలం, శరీరతత్వం, మోతాదు మారితే గుణం మారుతుందనేది సాధారణంగా వినిపించే సమాధానం. అందులో నిజం ఉంది. తీక్ష్ణమైన విషం కూడా సరైన యుక్తితో ఉత్తమ ఔషధమవుతుందనీ, మంచి ఔషధం కూడా తప్పుగా వాడితే విషమవుతుందనీ చరకసంహిత మొదటి అధ్యాయంలోనే ఉంది. అయితే ఈ సమాధానాన్ని అన్ని వైరుధ్యాలకూ తొడిగితే ఏ మాటా తప్పని తేల్చే దారి మిగలదు. మొక్కలో అదే భాగం, అదే మోతాదు, అదే స్థితి అయినప్పుడు రెండు విరుద్ధ వాక్యాల్లో ఒకటి అబద్ధం కావాల్సిందే. సంప్రదాయం మీద గౌరవంతో ఈ తర్కాన్ని పక్కన పెట్టడం సంప్రదాయానికే అన్యాయం. తర్కాన్ని అంత దీక్షగా పెంచింది ఆ సంప్రదాయమే.

న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో గౌతముడు వేదం ఎందుకు ప్రమాణమో చెబుతూ మంత్రాన్నీ ఆయుర్వేదాన్నీ ఉదాహరణగా చూపాడు. ఆయుర్వేదం చెప్పినట్టు చేస్తే కోరిన ఫలం కంటికి కనబడుతుంది, అది చెప్పినవారు ఆప్తులని, అంటే నమ్మదగినవారని, దానితో రుజువవుతుంది, కంటికి కనబడని ఫలాల గురించి ఆప్తులు చెప్పిన మాటనూ అదే న్యాయంతో నమ్మవచ్చు. వాత్స్యాయన భాష్యం ఆప్తుడికి మూడు లక్షణాలు పెట్టింది: విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండటం, ప్రాణుల మీద దయ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్నే కుదించి, యథార్థం చెప్పేవాడే ఆప్తుడన్నాడు.

ఈ వాదంలో గమనించవలసింది దాని దిశ. వేదం పవిత్రం గనుక మందు పనిచేస్తుందని న్యాయం చెప్పలేదు. మందు పనిచేస్తోంది గనుక చెప్పినవారిని నమ్మవచ్చంది. మీమాంసకులది వేరే దారి. జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణమనీ, దాన్ని కాదనే బాధకం ఎదురైతేనే అది చెడుతుందనీ వారి స్వతఃప్రామాణ్యవాదం. మూలిక విషయంలో న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల పద్ధతే సురక్షితం. బాధకం ఎదురయ్యేదాకా నమ్ముదామంటే ఆ బాధకం రోగి ఒంటి మీదే ఎదురవుతుంది.

కుసుమ నూనె చరిత్ర దీనికి గట్టి సాక్ష్యం. చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం హితమైనవాటినీ అహితమైనవాటినీ వరసగా చెబుతూ, మొక్కల నూనెల్లో అన్నిటికన్నా అహితమైనది కుసుమ నూనె అని తేల్చింది. 20వ శతాబ్దంలో శాస్త్రజ్ఞుల మాట దీనికి ఎదురుగా నిలిచింది: ఇందులో లినోలిక్ ఆమ్లం 70 శాతానికి పైగా ఉంటుంది, కొలెస్ట్రాల్ తగ్గుతుంది, కాబట్టి గుండెకు మంచిది. 1966 నుంచి 1973 వరకు సిడ్నీలో గుండెజబ్బు వచ్చిన 458 మంది మగవారిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు కుసుమ నూనె ఇచ్చారు. ఆ సమాచారాన్ని పూర్తిగా తిరిగి లెక్కగట్టి 2013లో ప్రచురించినప్పుడు, నూనె తిన్నవారిలో మరణాలు 17.6 శాతం, తిననివారిలో 11.8 శాతం అని తేలింది. దీనితో చరకుడు గెలిచాడని అనకూడదు. ఆయన చెప్పిన కారణం దోషప్రకోపం, అంటే వాతపిత్తకఫాలు చెలరేగడం; సిడ్నీలో కొలిచింది మరణాలు. ఫలితం కలిసినంత మాత్రాన హేతువు కలిసినట్టు కాదు. కొత్త శాస్త్రజ్ఞుల మాటకూ పాత ఋషుల మాటకూ ఒకే పరీక్ష ఉండాలని మాత్రం దీన్నిబట్టి గట్టిగా చెప్పవచ్చు.

రేకుల విషయంలో ఆ పరీక్ష ఇంకా పూర్తికాలేదు. వాటిలోని పసుపు రంగు పదార్థాలు నెత్తురు గడ్డకట్టే తీరును మారుస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు. కదిలించే మందన్న చైనా మాటకు ఇది దగ్గరగా ఉంది. నెత్తురు పలచబడే మాత్రలు వేసుకునేవారు ఈ రేకుల కషాయం తాగరాదనడానికి ఆధారమూ ఇదే.

తెలుగు ఇళ్లలో ఈ రేకు చాలాసార్లు తన పేరుతో రాదు. కడుపుతో ఉన్న పిల్లకు పాలలో కుంకుమ పువ్వు కలిపి ఇస్తే బిడ్డ తెల్లగా పుడతాడన్న నమ్మకం కొల్లేటి ఊళ్లలోనూ ఉంది, మిగతా తెలుగునాట కూడా ఉంది. దానికి ఆధారం లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కిలో కుంకుమ పువ్వుకు సుమారు లక్షన్నర పూలు కావాలి గనుక దాని ధర అందనంత ఉంటుంది. చవకగా దొరికే కుసుమ రేకులను దానిలో కలపడం, దాని పేరుతోనే అమ్మడం పాత మోసం. చైనా వైద్యం గర్భిణులకు జాగ్రత్త చెప్పిన పదార్థం ఈ దారిలో గర్భిణి పాలగ్లాసులోకే చేరుతుంది.

ఇలాంటి పొరపాటును భారతీయ తత్త్వవేత్తలు ఖ్యాతివాదాల్లో లోతుగా చర్చించారు. ఆల్చిప్పను వెండి అనుకోవడం వారి ఉదాహరణ. నైయాయికుల అన్యథాఖ్యాతి ప్రకారం మరోచోట చూసిన వెండితనాన్ని మనసు ఆల్చిప్పకు అంటగడుతుంది. ప్రాభాకర మీమాంసకుల అఖ్యాతి ప్రకారం అబద్ధజ్ఞానం అంటూ లేదు. కళ్ల ముందున్న మెరుపు నిజం, జ్ఞాపకంలోని వెండి నిజం, రెండిటి మధ్య తేడా పట్టుబడకపోవడమే పొరపాటు. పచారీ కొట్టులో జరిగేదానికి ప్రాభాకరుల వివరణ ఎక్కువ నప్పుతుంది. కొనేవారు చూసిన ఎర్రని పోగు అబద్ధం కాదు, గుర్తుచేసుకున్న కుంకుమ పువ్వూ అబద్ధం కాదు. తేడా పట్టుకోవడానికి వస్తువును ఎరిగి ఉండాలి. కుంకుమ పువ్వు పోగు ఒక కొసన బూరలా విచ్చుకుని ఉంటుంది, నీళ్లలో నెమ్మదిగా బంగారు రంగు వదులుతుంది. కుసుమది సన్నని గొట్టం, కొసన అయిదు చీలికలు, నీళ్లలో వేయగానే రంగు వదిలేస్తుంది.

వాత్స్యాయనుడి మూడు లక్షణాలను ఇక్కడ పెట్టి చూడాలి. కోడలికి పాలు కలిపి ఇచ్చే అత్తగారికి దయ నిండుగా ఉంది, తనకు తెలిసింది దాచకుండా చెప్పాలన్న కోరికా ఉంది. లేనిది విషయ సాక్షాత్కారం ఒక్కటే. సంప్రదాయం పేరుతో వచ్చే మాటల్లో ఎక్కువ భాగం ఈ లోటుతోనే వస్తుంది, చెప్పినవారి ప్రేమ వల్ల ఆ లోటు కనబడకుండా పోతుంది. చరకుడు మరో వైపు నుంచి ఇదే చెప్పాడు. మేకల కాపరులకు, గొల్లలకు, అడవిలో తిరిగేవారికి మూలికల పేరూ రూపమూ తెలుసు, కానీ అంత మాత్రాన ప్రయోగం తెలిసినట్టు కాదన్నాడు. చేలో కుసుమను పెంచే రైతుకు రూపం తెలుసు, అమ్మే కొట్టువాడికి పేరు తెలుసు. ఏ మనిషికి, ఏ స్థితిలో, ఎంత ఇవ్వాలో తెలిసినవాడే వైద్యుడు.

సూత్రస్థానం 11వ అధ్యాయంలో చరకుడు నాలుగు పరీక్షలు పెట్టాడు: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. మొదటిది మిగతా మూడిటిని రద్దు చేస్తుందని ఆయన ఎక్కడా అనలేదు. శారీరస్థానంలో గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రను తొణక్కుండా పట్టుకున్నట్టు చూసుకోవాలన్నాడు. ఆమె విషయంలో మందు మానడానికి నిశ్చయజ్ఞానం అక్కర్లేదు, సందేహం చాలు. వాడటానికే నిశ్చయం కావాలి. గర్భిణికి కుసుమ రేకులు ఇవ్వవచ్చనే నిశ్చయం ఆయుర్వేదంలోనూ చైనా వైద్యంలోనూ లేదు, నేటి ప్రయోగశాలల్లోనూ లేదు.