గుండు సున్నా



చిన్నప్పుడు లెక్కల్లో గుండు సున్నా వచ్చిందంటే ఆ పూట నాన్న కంట పడకుండా తిరిగేవాళ్లం. సున్నా అంటే అంత నామోషీ. అలాంటి సున్నా కోసం తొమ్మిదేళ్లు పాటుపడిన ఒక గవర్నర్ గురించి ఈ ఉదయం నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఫిలిప్పీన్స్‌లో గవర్నర్ అంటే మన రాష్ట్ర గవర్నర్ లాంటివారు కాదు. మన జిల్లా వంటి ఒక ప్రావిన్స్‌ను పాలించడానికి జనం ఓటేసి గెలిపించుకునే నాయకుడు. పదవి మూడేళ్లు. వరుసగా మూడుసార్లకు మించి కుదరదని వాళ్ల 1987 రాజ్యాంగం గిరి గీసింది. అల్బాయ్ ప్రావిన్స్‌కు జోయ్ సల్సేదా 2007 నుంచి 2016 దాకా ఆ మూడు విడతలూ పూర్తిగా పనిచేశారు.

అల్బాయ్‌లో ఎటు చూసినా మయోన్ అగ్నిపర్వతమే కనిపిస్తుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసినంత తీరుగా ఉంటుంది ఆ కొండ. ఎత్తు 2,462 మీటర్లు. దాని దిగువన పచ్చిక మధ్య నల్లరాతి గంటగోపురం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. పగుళ్లలో మొక్కలు మొలిచాయి. అది కగ్సావా చర్చిది. 1814 ఫిబ్రవరి 1న కొండ పేలినప్పుడు సుమారు 1,200 మంది చనిపోయారు, ఊరు పూడిపోయింది. ఇప్పుడక్కడ జనం కొండ వెనకాల వచ్చేలా ఫొటోలు దిగుతుంటారు.

అంత జరిగినా ఆ కొండ పాదాన్ని జనం వదల్లేదు. బూడిద పడిన నేల బంగారం పండుతుంది మరి. 1993 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి కొండ పేలితే 70 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది వాలులో కూరగాయలు పండించుకుంటున్న రైతులే. ఆ దెబ్బతో ప్రావిన్స్ ప్రభుత్వం విపత్తుల కోసమే ఒక శాశ్వత కార్యాలయం పెట్టింది. తుఫాను వచ్చాక హడావుడిగా కూర్చునే కమిటీ కాదది. జీతాలు తీసుకుని ఏడాది పొడుగునా అదే పని చూసే సిబ్బంది.

అయినా 2006 నవంబర్ 30న రెమింగ్ తుఫాను ఆ ఏర్పాట్లన్నీ తలకిందులు చేసింది. కొండ మీద పేరుకున్న బూడిదా బండరాళ్లూ వానకు కొట్టుకొచ్చి, బురద ఏరులై ఊళ్ల మీద పడ్డాయి. చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిసి వెయ్యి దాటారు. సల్సేదా గవర్నర్ కుర్చీలో కూర్చున్నది ఆ తర్వాత ఏడు నెలలకే.

ఆయన అంతకుముందు షేర్ మార్కెట్ విశ్లేషకుడు, ఆర్థికవేత్త, పార్లమెంటు సభ్యుడు. లెక్కల మనిషి కాబట్టి లక్ష్యం కూడా అంకెలోనే పెట్టుకున్నారు. ఎంత విపత్తు వచ్చినా ప్రాణనష్టం సున్నా కావాలి.

చెప్పడానికి తేలికే. కానీ ఎండ కాస్తుండగానే ఇల్లు వదిలి రమ్మంటే ఎవరొస్తారు? రైతు అడిగే మొదటి మాట, ‘మరి నా దున్నపోతు?’ అని. దాన్ని వదిలేసి వచ్చినా రాత్రికి మళ్లీ మేత వేయడానికి కొండెక్కుతాడు. అందుకే అల్బాయ్‌లో మనుషులతోపాటు పశువులనూ తరలించారు. ఎవరూ వెనక్కి పోకుండా దారుల్లో పోలీసులనూ సైనికులనూ కాపలా పెట్టారు. 2009 డిసెంబర్‌లో కొండ మళ్లీ రాజుకుంటే, దాదాపు 50 వేలమంది బడి గదుల్లోనే క్రిస్మస్ చేసుకున్నారు. విస్ఫోటానికి ఒక్కరూ బలికాలేదు. 2014 జూలైలో గ్లెండా తుఫాను దేశంలో వందమంది దాకా పొట్టన పెట్టుకుంది. అది మొట్టమొదట తాకిన అల్బాయ్‌లో మాత్రం ప్రాణనష్టం సున్నా.

ప్రతిసారీ సున్నా రాలేదు. 2011 తుఫానులో కొందరు పోయారు. 2013 మేలో ఏ హెచ్చరికా లేకుండా కొండ ఒక్కసారి బూడిద చిమ్మితే, ఎక్కుతున్నవాళ్లలో అయిదుగురు చనిపోయారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2014 సెప్టెంబర్‌లో మళ్లీ కొండ కింది ఊళ్లు ఖాళీ చేయించారు. వేలమంది నెలల తరబడి శిబిరాల్లో గడిపారు. భయపడినంత పేలుడు రానే లేదు. అలాంటప్పుడు జనం ఏమనుకుంటారు? ‘నాన్నా పులి’ కథ గుర్తుచేసుకుంటారు. పంట పోయింది, కూలి పోయింది, పిల్లల చదువు చెడింది, తీరా చూస్తే ఏమీ జరగలేదు!

వంతెన కడితే రిబ్బన్ కత్తిరించవచ్చు. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవచ్చు. చనిపోకుండా మిగిలిన మనిషికి శిలాఫలకం ఎక్కడ పెడతారు? తను మిగిలానన్న సంగతి ఆ మనిషికే తెలియదు. ఆ పూట అన్నం తిని, గవర్నర్‌ను నాలుగు తిట్టి పడుకుంటాడు. ఆ తిట్లు వినిపిస్తున్నాయంటే మనిషి బతికే ఉన్నాడన్నమాట. ఇల్లు కాలాక బావి తవ్వేవాడి చుట్టూ జనం మూగుతారు. ముందే తవ్వినవాడిని ‘ఎందుకీ గొయ్యి’ అని అడుగుతారు.

2016లో గడువు తీరి సల్సేదా గవర్నర్ పదవి నుంచి దిగిపోయారు. 2018 జనవరిలో మయోన్ మళ్లీ నిప్పులు కక్కింది. అప్పుడు గవర్నర్ మరొకరు. 80 వేలమందికి పైగా ఇళ్లు వదిలి కిందికి వచ్చారు. విస్ఫోటానికి బలైనవారు, సున్నా.

ఆ విపత్తుల కార్యాలయం సల్సేదా రాకముందే పుట్టింది. ఆయన వెళ్లాకా పనిచేస్తూనే ఉంది. నడుమ తొమ్మిదేళ్లు ఆయన దాన్ని నమ్మారు, అది రమ్మన్నప్పుడు జనాన్ని కదిలించారు, ఏమీ జరగని రోజున మాట పడ్డారు.

ఈ రోజు మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏమీ జరగకపోతే, ఆ ఏమీ జరగకపోవడం వెనక ఎవరున్నారో ఒక్కసారి చూడండి.