ఆ పేదవాని ఇల్లు ఎంత?



మార్కాపురంలో పలకల పని చేసుకునే ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్ళాను. అద్దెకున్నది ఒకే గది. అందులోనే పొయ్యి, బియ్యం డబ్బా, నీళ్ళ బిందెలు, గోడకు తిరుహృదయ పటం. మనుషులు ఐదుగురు. ఆరవ ప్రాణి మంచం కింద ఉంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు గదా! అలా తిప్పడంలో కాలువలో పడిపోయిన కూనను ఎనిమిదేళ్ళ పిల్లవాడు చొక్కాలో చుట్టి తెచ్చాడు.

"మాకే చోటు లేదు ఫాదర్. మామయ్యకు పలకల దుమ్ము పీల్చి పీల్చి ఆయాసం. దీని బొచ్చు పడితే రాత్రంతా దగ్గే. ఇల్లుగలామె కూడా ఊరుకోదు" అన్నది తల్లి. ఆమె మాట న్యాయంగానే తోచింది. సంచిలో వేసి ఊరవతల తోటలో వదిలిపెట్టమన్నాను. సులువైన సలహా. వదలవలసింది నేను కాదు గదా.

ఆదివారం సత్యోపదేశ తరగతిలో నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథ వచ్చింది (2 సమూ 12). ధనవంతునికి మందలకు మందలున్నాయి. పేదవానికి ఒక్కటే గొఱ్ఱెపిల్ల. అది అతని ముద్దలో తిని, అతని గిన్నెలో తాగి, అతని ఒడిలో పడుకుని కూతురిలా పెరిగింది. ఆ పిల్లవాడు లేచి అడిగాడు: "ఫాదర్, ఆ పేదాయన ఇల్లు ఎంతుండేది?"

ఎన్నోసార్లు ఆ కథ మీద ప్రసంగించినవాణ్ణి, ఆ ఇంటి కొలత ఎన్నడూ ఆలోచించలేదు.

మన కతోలిక బైబులులో ఇంటి పిల్లి ఒక్క చోటే కనబడుతుంది, బారూకు 6వ అధ్యాయంలో. అక్కడ కూడా అది శకునం చెప్పదు. పిల్లి ఎదురొచ్చిందని గడప దాటకుండా వెనక్కి వచ్చే మనవాళ్ళు గమనించాలి. నీనెవె మీద దేవుడు జాలిపడినప్పుడు అక్కడి లక్షా ఇరవైవేల మందితోపాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4). 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం రెండు వైపులా చెబుతుంది. జంతువుల పట్ల మనం దయ చూపవలసినవారమే, అయితే మనుషుల కష్టం తీర్చవలసిన డబ్బును ముందుగా వాటికి ఖర్చుపెట్టరాదు (2416, 2418). కనుక ముందు తాతగారి ఊపిరి. పిల్లి తరువాత. తరువాత అంటే తోటలోకి అని కాదు.

సోమవారం మళ్ళీ వెళ్ళాను. నా మాట ఎవరూ వినలేదు, దేవునికి స్తోత్రం! కూనను వసారాలోని గంపలోకి మార్చాము. తాతగారి మంచం కిటికీ దగ్గరకు జరిపాము. పాత బేసినులో ఇసుక పోసి, రోజూ తీసి పారబోసే పని పిల్లవానికే అప్పగించాము. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ ఇసుక ముట్టకూడదు. పాలు పోయనక్కరలేదు, చాలా పిల్లులకు పాలు అరగక విరేచనాలు పడతాయి. అన్నంలో చేప ముక్క కలిపితే ఇష్టంగా తింటుంది. మూడు నెలలకు పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా, ఆ తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. లేకపోతే ఏడాది తిరక్కుండా ఒక్క పిల్లి ఆరవుతుంది, అప్పుడు మళ్ళీ సంచి వెతుక్కోవాలి. కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

ఇల్లుగలామె ఇంకా ఒప్పుకోలేదు. నెలాఖరు దాకా గడువిచ్చింది. ఆమె కూడా మన విచారణే, ఈ పత్రిక చదువుతుంది.