మన కన్నీళ్లు ఎవరి కోసం?

యాదగిరిగుట్టకు చెందిన ఒక తల్లి మమ్మల్ని ఇలా అడిగారు: “మా అబ్బాయి కొత్త సినిమాల జోలికి పోడు. పాత ‘దేవదాసు’ మాత్రం మళ్ళీ మళ్ళీ చూస్తాడు. అందులో అసభ్యత లేదు, గొప్ప నవలను సినిమాగా తీశారంటారు. అందులో కూడా తప్పుందా మౌలానా?”

సినిమాల విషయంలో ఉలమాలు చెప్పింది పాఠకులకు తెలిసిందే. దాన్ని ఇక్కడ ఏకరువు పెట్టము. ఆ తల్లి ప్రశ్నలో మరో విషయం ఉంది. అసభ్యత లేనంత మాత్రాన ఒక కథ మనసుకు మేలే చేస్తుందా? అది మనల్ని ఎవరి కోసం ఏడిపిస్తోంది, ఎవరిని మరిపిస్తోంది?

శరత్ బాబు యువకుడిగా ఉండగానే రాసిన ఈ నవల 1917లో వెలువడింది. చక్రపాణి వంటివారు శరత్ రచనలను ఎంత చక్కగా అనువదించారంటే, ఆయన తెలుగు రచయితే అనుకున్నవారు కూడా ఉన్నారు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు చిత్రం వచ్చింది. హిందీలో 1936లో సైగల్, 1955లో దిలీప్ కుమార్, 2002లో షారుఖ్ ఖాన్ ఇదే పాత్ర ధరించారు. కనుక ఉర్దూ మాట్లాడే మన ఇళ్లకు కూడా ఈ కథ కొత్తది కాదు.

నవలను నిదానంగా చదివి చూడండి. పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా, తన పరువును పణంగా పెట్టి దేవదాసు గదికి వస్తుంది. అతడు తండ్రికి ఎదురు చెప్పలేక కలకత్తా వెళ్లిపోయి, ఆమె మనసు విరిగేలా ఉత్తరం రాస్తాడు. తర్వాత పశ్చాత్తాపపడి తిరిగి వస్తాడు. ఈసారి ఆమె కాదంటుంది. అప్పుడతడు చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటి మీద రక్తం వచ్చేలా కొడతాడు. పార్వతి పెద్ద పిల్లలున్న ఒక జమీందారుకు భార్యగా వెళ్లి, ఆ ఇంటిని చక్కదిద్దుతుంది. దేవదాసు మాత్రం తాగి తాగి కాలేయం చెడి, చివరకు ఆమె గుమ్మం ముందు ప్రాణం వదులుతాడు. అతని మీద జాలి చూపమని రచయితే చివర్లో పాఠకులను వేడుకుంటాడు. అయితే అతని పిరికితనాన్ని మాత్రం ఎక్కడా దాచలేదు.

తెరపైకి వచ్చేసరికి ఏమైంది? సంఘటనలు చాలావరకు అవే. కాని కాగితం మీద తాగుబోతు దగ్గుతాడు, వాంతి చేసుకుంటాడు. తెర మీద అదే తాగుబోతు ఘంటసాల కంఠంతో పాడతాడు. ఆ కంఠం ముందు ఏ పిరికితనం గుర్తుంటుంది? సంబంధం తప్పిపోయి సీసా పట్టిన కుర్రవాణ్ణి మన ఊళ్లలో “దేవదాసు అయ్యాడు పాపం” అంటారు. ఆ ‘పాపం’ అన్న మాటతో విచారణ ముగిసిపోతుంది. అతడు ఆ అమ్మాయి పట్ల ఎలా ప్రవర్తించాడని ఎవరూ అడగరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా లేచిన స్త్రీలు తాగుబోతులను పాట లేకుండా చూసినవారు. వారికి ఈ జాలి కలగలేదు.

ప్రేమలో ఏడవటమే తప్పని మేము అనడం లేదు. సహీహ్ బుఖారీలో ముగీస్ (రజి) వృత్తాంతం ఉంది. ఆయన భార్య బరీరా (రజి) బానిసత్వం నుండి విముక్తి పొందాక, తనకు లభించిన హక్కుతో భర్తను వదులుకున్నారు. ముగీస్ గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెనుక తిరిగేవారు. దైవప్రవక్త (స) ఆ ప్రేమను చూసి ఆశ్చర్యపోయారు, ఆయన వద్దకు తిరిగి వెళ్లవచ్చు కదా అని బరీరాతో అన్నారు. ఇది తమరి ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే తనకు ఆయన అవసరం లేదన్నారు బరీరా. అంతటితో ఆ మాట ఆగిపోయింది. ముగీస్ మీద జాలి ఉంది. అయినా ఆ జాలి బరీరా హక్కును మింగివేయలేదు. దేవదాసు కోసం ఏడ్చే మనకు పార్వతి నుదుటి మచ్చ ఎంతసేపు గుర్తుంటోంది?

ఇక పెద్దల సంగతి. దేవదాసు ఇంటివారు ఆ సంబంధం ఎందుకు కాదన్నారు? పార్వతి వాళ్లది ఆడపిల్లకు డబ్బు తీసుకునే కుటుంబమని, పైగా పొరుగిల్లని. మన దగ్గర లెక్క తలకిందులు, మగపిల్లవాడికి డబ్బు తీసుకుంటాం. జోడే కీ రఖమ్ కుదరలేదని ఎన్ని సంబంధాలు గుమ్మంలోనే తిరిగిపోవడం లేదు? తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా నికాహ్ చేశాడని ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) ఫిర్యాదు చేస్తే దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. మస్జిద్‌లో ఈ హదీసు విని తలూపిన పెద్దలే ఇంటికి వెళ్లి రఖమ్ ఎంతో తేల్చమంటున్నారు. పిల్లవాడు ఏ సినిమా చూస్తున్నాడన్నది ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న.